కంప్యూటరు తన మెమొరీని పూర్తిగా ఎందుకు గుర్తింపదు?

మా మేనల్లుడు ఇంజనీరింగు కళాశాలలో చేరిన యేడు, అతని తండ్రి చిట్టీ పాడగా వచ్చిన సొమ్ముతో కుర్రవానికి ఒక కంప్యూటరు కొనిపెట్టదలచెను. తయారై వచ్చిన యంత్రమును కొనుట కుర్రవానికి ఇష్టము లేకపోయెను. సికింద్రాబాదు పార్కు లేనులో విడిభాగములను ఏరి తెచ్చుకొని, ఇంటిలో భోజనాల బల్లపై తానే బిగించెను. మొదటిసారి బటను నొక్కగనే ఫ్యాన్లు తిరిగెను, తెర వెలిగెను. ఇంటిల్లిపాదియు సంతోషించిరి. కాని ఆ సంతోషము అరగంటయైనను నిలువలేదు. 8 గిగాబైట్ల ర్యామ్ స్టిక్కులు రెండు, అనగా మొత్తము 16 గిగాబైట్ల మెమొరీ అమర్చియుండగా, యంత్రము తనకు 8 మాత్రమే ఉన్నదని చెప్పుచుండెను.

కుర్రవాడు కోపముతో నాకు ఫోను చేసెను. "మామయ్యా, కొట్టువాడు పాడైపోయిన స్టిక్కు అంటగట్టాడు. ఫోన్లో అడిగితే తన దగ్గర పెట్టి చూసే ఇచ్చానంటున్నాడు. రేపు వెళ్ళి గట్టిగా అడుగుతాను."

"అడుగుదువు గానిలేరా. దానికి ముందు ఆ ఎనిమిదీ ఎక్కడ పోయిందో చూశావా?" అని నేనంటిని.

ఈ చిక్కు మా మేనల్లునికి మాత్రమే వచ్చినది కాదు. ఇంటిలో కంప్యూటరు బిగించుకొనువారిలో పలువురు ఎప్పుడో ఒకప్పుడు దీనిని ఎదుర్కొనుచునే ఉందురు. మెమొరీ కనబడనప్పుడు ర్యామ్ స్టిక్కే చెడిపోయినదని తలచుట సహజము. కాని స్టిక్కునకును, తెరపై కనబడు అంకెకును నడుమ చాల మజిలీలు కలవు. ఏ మజిలీలోనైనను కొంత మెమొరీ తప్పిపోవచ్చును. ఏ మజిలీలో తప్పినదో కనుగొనిన పిమ్మటనే ఎవరినైనను నిందించుట న్యాయము. ఆ కనుగొను విధానమును ఈ వ్యాసములో తెలిసికొందము.

ర్యామ్ స్టిక్కులో ఏమున్నది?

కంప్యూటరులో సమాచారముండు చోట్లు రెండు. ఒకటి డిస్కు. ఇది బీరువా వంటిది. కరెంటు పోయినను ఇందులోనివి చెక్కుచెదరవు. రెండవది ర్యామ్. ఇది వ్రాతబల్ల వంటిది. ప్రస్తుతము పని జరుగుచున్న కాగితములు మాత్రమే దీనిపై పరచబడియుండును. కరెంటు తీసివేయగనే బల్ల ఖాళీ యగును. బల్ల చిన్నదైనచో కాగితములను మాటిమాటికి బీరువాలో పెట్టుచు తీయుచు ఉండవలెను గాన పని మందగించును. ఈ వ్యాసములో మెమొరీ అనగా ఈ రెండవదే.

డి.డి.ఆర్.4 రకపు ర్యామ్ స్టిక్కు సుమారు 13 సెంటీమీటర్ల పొడవుగల పలుచని బిళ్ళ. దాని అడుగు అంచున బంగారుపూత గల స్పర్శలు 288 ఉండును. పైన నల్లని చిప్పులు వరుసగా ఉండును. సమాచారము నిలువయుండునది వీనిలోనే. వీనితోపాటు చీమ తలకంటె కొంచెము పెద్దదైన మరియొక చిప్పు కలదు. అది ఆ స్టిక్కునకు పేరుచీటీ వంటిది. స్టిక్కు ఎన్ని గిగాబైట్లది, ఎంత వేగముగలది, ఎన్ని వోల్టులతో పనిచేయును అను వివరములు అందులో వ్రాయబడియుండును. బటను నొక్కగనే మదర్‌బోర్డు మొదట ఈ చీటీని చదువును. పిమ్మట ప్రాసెసరు ఆ స్టిక్కులోనికి కొన్ని అంకెలను వ్రాసి, మరల చదివి, సరిచూచుకొనును. ఈ సరిచూచుకొనుటకు ట్రైనింగు అని పేరు. అది నెగ్గినప్పుడే ఆ స్టిక్కు లెక్కలోనికి వచ్చును.

ఇందులో ఒక విశేషమును గమనింపవలెను. చీటీని చదువు తీగలు వేరు. నిలువను చదువు తీగలు వేరు. అందుచేత ఒక స్టిక్కు తన పేరును చక్కగా చెప్పియు, తన నిలువను ఇవ్వలేకపోవచ్చును. ఈ సంగతి ముందు మనకు అక్కరకు వచ్చును.

చిరునామాలు చాలనప్పుడు

మెమొరీలోని ప్రతి బైటుకును ఒక చిరునామా ఉండవలెను. ఇంటికి నంబరు లేనిచో తపాలా బంట్రోతు ఉత్తరము నందింపజాలడు గదా! ప్రాసెసరునకు తెలిసిన నంబర్లు ఎన్నియో అన్ని బైట్లనే అది అందుకొనగలదు. అంతకు మించి ఎంత మెమొరీ అమర్చినను నంబరు లేని ఇండ్లవలె వృథాగా పడియుండును.

ఇంటెల్ కంపెనీ 1978లో తెచ్చిన 8086 ప్రాసెసరు చిరునామాలో 20 బిట్లు ఉండెడివి. బిట్టునకు 0, 1 అను రెండు విలువలే గాన, రెండును ఇరువది మారులు హెచ్చవేయగా వచ్చు 10,48,576 చిరునామాలు, అనగా ఒక మెగాబైటు, దాని ఎల్ల. అదే కుటుంబపు ప్రాసెసరుతో 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఈ ఒక మెగాబైటులో నుండి 384 కిలోబైట్ల చిరునామాలను తెర మొదలైన వానికి కేటాయించి, ప్రోగ్రాములకు 640 కిలోబైట్లను విడిచిరి. ఈ 640 హద్దు తరువాత చాల యేండ్లు ప్రోగ్రాములు వ్రాయువారిని పీడించినది.

1985లో వచ్చిన 80386 ప్రాసెసరులో చిరునామా 32 బిట్లకు పెరిగెను. దీనితో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 బైట్లకు, అనగా 4 గిగాబైట్లకు, నంబర్లు లభించినవి. ఆ రోజులలో ఇది సముద్రమంత. కాని ఇరువది యేండ్లలో ఆ సముద్రము చెరువైనది. ఇంటి కంప్యూటర్లలో 4 గిగాబైట్ల ర్యామ్ అమర్చు కాలము వచ్చెను. అప్పుడు జనులకు ఎదురైన వింత యేమనగా, 4 అమర్చినచో 3.25 లేక 3.5 మాత్రమే కనబడుట! కారణము 1981 నాటిదే. గ్రాఫిక్సు కార్డు, నెట్‌వర్కు కార్డు మొదలైన పరికరములకు కూడ చిరునామాలు కావలెను. వానిని 4 గిగాబైట్ల హద్దునకు కొంచెము దిగువన కేటాయింతురు. పరికరములు ఆక్రమించిన నంబర్లు ర్యామునకు దొరకవు. ర్యామ్ ఎక్కడికిని పోలేదు; దానికి నంబరు లేకపోయినది.

ఈ చిక్కునకు మందు 64 బిట్ల పద్ధతి. ఏ.ఎం.డి. కంపెనీ 2003లో ఇట్టి ప్రాసెసర్లను ఈ కుటుంబములోనికి తెచ్చెను. చిరునామాలకు కరవు తీరినది. అయినను ప్రాసెసరు ఒక్కటి 64 బిట్లదైన చాలదు. ఆపరేటింగ్ సిస్టము కూడ 64 బిట్లదిగా ఉండవలెను. విండోస్ 10లో 32 బిట్ల రకము కూడ ఉండెడిది. అది ఎంత ర్యామ్ ఉన్నను 4 గిగాబైట్ల హద్దును దాటదు. 2021లో వచ్చిన విండోస్ 11 మాత్రము 64 బిట్ల రకముగానే వచ్చినది. 64 బిట్ల రకములలో సహితము అమ్మకపు తరగతిని బట్టి హద్దులు కలవు. విండోస్ 7 హోమ్ బేసిక్ 8 గిగాబైట్లకు, హోమ్ ప్రీమియమ్ 16 గిగాబైట్లకు మించి వాడుకొనవు. విండోస్ 10 హోమ్ తరగతికి ఈ హద్దు 128 గిగాబైట్లు. పాత యంత్రమునకు కొత్త ర్యామ్ వేయువారు దీనిని మొదటనే చూచుకొనవలెను.

మూడు అంకెలు

ఇక పరీక్షకు వత్తము. కాగితము, పెన్సిలు తీసికొని మూడు అంకెలను వ్రాసికొనుడు.

మొదటి అంకె: మీరు అమర్చిన స్టిక్కులపై చీటీలలోని గిగాబైట్ల మొత్తము. బిల్లును నమ్మక స్టిక్కునే చూడుడు.

రెండవ అంకె: మదర్‌బోర్డు చెప్పు మొత్తము. యంత్రము వెలుగుచుండగా డిలీట్ లేక ఎఫ్2 మీటను పలుమారులు నొక్కినచో బయాస్ సెటప్పు తెర వచ్చును. అందులో మొత్తము మెమొరీ ఎంతయో, ఏ స్లాటులో ఏ స్టిక్కు ఉన్నదో చూపబడును. ఈ దశలో విండోస్ ఇంకను మేలుకొనలేదు గాన దాని తప్పులు ఇందులో చేరవు.

మూడవ అంకె: ఆపరేటింగ్ సిస్టము వాడుకొనగల మెమొరీ. విండోస్‌లో టాస్క్ మేనేజరు తెరచి పెర్ఫార్మెన్సు పుటలో మెమొరీని చూచినచో ఇది తెలియును. ఎన్ని స్లాట్లు నిండియున్నవో, హార్డ్‌వేరు కొరకు ఎంత కేటాయింపబడినదో కూడ అక్కడనే కనబడును. లైనక్సు వాడువారు టెర్మినలులో ఫ్రీ అను ఆజ్ఞ నిచ్చినచో చాలును. విండోస్ సిస్టము వివరములలో ఇన్‌స్టాల్డ్ అను అంకె కూడ ఉండును. కాని అది స్టిక్కుల చీటీల లెక్క నుండి వచ్చునది. యూజబుల్ అని పక్కన వ్రాయబడు అంకెయే మనకు కావలసినది.

మొదటి అంకె నుండి రెండవ అంకెకు తగ్గినచో దోషము స్టిక్కులు, స్లాట్లు, ప్రాసెసరు, బయాస్ వీనిలో నున్నది. విండోస్‌ను ఎన్నిమారులు తిరిగి ఎక్కించినను ప్రయోజనము లేదు. రెండవ అంకె సరిగానుండి మూడవది తగ్గినచో దోషము చిరునామాలలోనో అమరికలలోనో ఉన్నది. అప్పుడు స్క్రూడ్రైవరుతో పని లేదు. ఈ ఒక్క విభజనతోనే సగము శ్రమ తగ్గును.

మూడవ అంకె తగ్గినచో

సులువైన దానిని ముందు ముగింతము. 64 బిట్ల విండోస్ అగునా, దాని తరగతి హద్దెంత అను రెండు ప్రశ్నలకు జవాబు చూడుడు. పిమ్మట ఎం.ఎస్. కాన్ఫిగ్ అను పనిముట్టు తెరచి, బూట్ పుటలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్సులో మ్యాగ్జిమమ్ మెమొరీ అను గడి చూడుడు. యంత్రము వేగముగా నడచునను ఆశతో కొందరు ఈ గడిలో టిక్కుపెట్టి ఏదో అంకె వేయుదురు. అది వేగమును పెంచునది కాదు. మెమొరీకి హద్దు కట్టునది. టిక్కును తీసివేసి యంత్రమును మరల వెలిగింపవలెను. పాత మదర్‌బోర్డులలో మెమొరీ రీమ్యాప్ అను అమరిక ఉండును. పరికరముల వలన చిరునామా కోల్పోయిన ర్యామునకు 4 గిగాబైట్ల పైన కొత్త నంబర్లిచ్చుట దాని పని. అది ఆపబడియున్నచో 64 బిట్ల విండోస్‌లో సహితము కొంత మెమొరీ తప్పును.

కొద్దిపాటి తగ్గుదల మాత్రము దోషము కాదు. వేరుగా గ్రాఫిక్సు కార్డు లేని యంత్రములలో తెరపై బొమ్మలు గీయు భాగము ప్రాసెసరులోనే ఉండును. దానికి సొంత మెమొరీ లేదు గాన ర్యామ్ నుండియే వాటా తీసికొనును. అందుచేత 16కు బదులు 15.8 కనబడినచో కలత చెందనక్కరలేదు. ఆ వాటా ఒకటి రెండు గిగాబైట్లు ఉన్నచో బయాస్‌లో తగ్గించుకొనవచ్చును.

రెండవ అంకె తగ్గినచో

మా మేనల్లుని యంత్రమున తగ్గినది ఇదే. సెటప్పు తెరపై మొత్తము 8192 మెగాబైట్లు అని కనబడినది.

పెట్టెను తెరచుటకు ముందు జాగ్రత్తలు చెప్పవలెను. స్విచ్చి కట్టుట చాలదు. ప్లగ్గునే గోడ నుండి తీసివేయవలెను. పిమ్మట యంత్రపు బటనును కొన్ని సెకనులు నొక్కి పట్టినచో మిగిలిన కరెంటు ఖర్చగును. పవర్ సప్లై పెట్టెను ఎన్నడును విప్పరాదు. మన శరీరముపై పేరుకొను స్థిర విద్యుత్తు ఇంకొక శత్రువు. చేతికి చురుక్కుమని తగులుటకు సుమారు 3000 వోల్టులు కావలెను. చిప్పు చెడుటకు అంతకంటె చాల తక్కువ చాలును. కావున పెట్టెలోని రంగు లేని ఇనుప భాగమును తాకి, అప్పుడు స్టిక్కును అంచుల వద్ద పట్టుకొనవలెను.

మొదటి పరీక్ష, స్టిక్కు పూర్తిగా దిగినదా అనునది. కొత్తవారు బోర్డు విరుగునను భయముతో సగము మాత్రమే నొక్కుదురు. అంచులోని గంటును స్లాటులోని మెట్టుతో సరిపెట్టి, రెండు చివరలను నొక్కగా, పక్క క్లిప్పులు టక్కుమని బిగియవలెను. స్పర్శలపై మసక ఉన్నచో మన బజారులలో పెన్సిలు రబ్బరుతో రుద్దుదురు. దాని పొడి స్లాటులో చిక్కుకొనవచ్చును గాన, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి ఆరనిచ్చుట మేలు.

రెండవది, సరియైన స్లాటులు. నాలుగు స్లాట్లు గల బోర్డులలో ప్రాసెసరు నుండి వానిని వరుసగా ఏ1, ఏ2, బి1, బి2 అని పిలుతురు. ఏ జంట ఒక దారి, బి జంట మరియొక దారి. ఈ దారులకు చానెల్ అని పేరు. స్టిక్కులు రెండే యున్నచో చాల బోర్డులలో ఏ2, బి2లలో వేయవలెను. బోర్డుతో వచ్చిన పుస్తకమే ఇందుకు ప్రమాణము. ఆ బోర్డు మొత్తము ఎంత మెమొరీని, స్లాటునకు ఎంతటి స్టిక్కును ఒప్పుకొనునో కూడ అందులోనే ఉండును.

మూడవది, బయాస్‌ను తొలి స్థితికి తెచ్చుట. ప్లగ్గు తీసి, బోర్డుపైనున్న సి.ఆర్. 2032 బిళ్ళ బ్యాటరీని కొన్ని నిముషములు తీసి పెట్టినచో పాత అమరికలు చెరిగిపోవును. వేగమును పెంచు ఎక్స్.ఎం.పి. అమరికను పరీక్షలు ముగియువరకు ఆపియుంచవలెను. స్టిక్కులు మార్చిన పిమ్మట మొదటిసారి తెర వెలుగుటకు ఆలస్యమగును. డి.డి.ఆర్.5 యంత్రములలో ఈ ట్రైనింగునకు కొన్ని నిముషములు పట్టవచ్చును. ఆత్రపడి బటను నొక్కరాదు.

ఒక్కొక్కటిగా మార్చి చూచుట

పైవన్నియు మా మేనల్లునిచేత ఆదివారమునాడు నా యెదుట చేయించితిని. అంకె మారలేదు. కాని సెటప్పు తెరపై ఒక వింత కనబడినది. బి2 స్లాటు ఎదుట ఆ స్టిక్కు పేరు, 8 గిగాబైట్లు అను వివరము స్పష్టముగ ఉన్నవి. మొత్తములో మాత్రము అది చేరలేదు. చీటీ చదువబడినది, నిలువ అందలేదు అన్నమాట!

అప్పుడు అసలు పరీక్ష మొదలుపెట్టితిమి. దాని నియమము ఒక్కటే: ఒక పర్యాయమునకు ఒక్క మార్పే చేయవలెను, చేసినదానిని వెంటనే కాగితముపై వ్రాయవలెను. స్టిక్కులకు ఒకటి, రెండు అని పెన్సిలుతో గుర్తులు పెట్టితిమి.

ఒకటవ స్టిక్కును ఒంటరిగా ఏ2లో వేసితిమి. యంత్రము వెలిగి 8 చూపినది. రెండవ స్టిక్కును ఒంటరిగా అదే స్లాటులో వేసితిమి. అప్పుడును 8 చూపినది. ఒకటవదానిని బి2లో ఒంటరిగా వేయగా ఫ్యాన్లు తిరిగినవి గాని తెర వెలుగలేదు. రెండవదానితోను అట్లే అయినది. "అయితే బి2 స్లాటు పాడై ఉంటుంది," అని కుర్రవాడనెను. తొందరపడక బి1లో వేసి చూచితిమి. అక్కడను తెర చీకటియే. చివరకు రెండు స్టిక్కులను ఏ1, ఏ2లలో వేసితిమి. మొత్తము 16384 మెగాబైట్లు కనబడినది!

ఈ ఆరు వరుసలను చదువుడు. రెండు స్టిక్కులును ఏ దారిలో పనిచేసినవి గాన స్టిక్కులలో దోషము లేదు. బి దారిలో రెండు స్లాట్లును పనిచేయలేదు. రెండు స్లాట్లు ఒకేమారు విడివిడిగా చెడిపోవుట కంటె, ఆ రెంటికిని ఉమ్మడియైన చోట దోషముండుట సంభవము. ఆ ఉమ్మడి చోటు ప్రాసెసరు పీట.

కుర్రవాడు కాగితమును చూచుచు కొంతసేపు మాటాడలేదు. "అయితే కొట్టాయన తప్పు కాదన్నమాట," అని మెల్లగా అనెను.

ప్రాసెసరు పీట క్రింద

పూర్వము మెమొరీని నడుపు భాగము మదర్‌బోర్డుపై వేరొక చిప్పులో ఉండెడిది. ఏ.ఎం.డి. 2003లోను, ఇంటెల్ 2008లోను తమ ఇంటి కంప్యూటర్ల ప్రాసెసర్లలో దానిని లోపల చేర్చసాగినవి. నాటి నుండి ర్యామ్ తీగలు స్లాటు నుండి నేరుగా ప్రాసెసరునకే పోవుచున్నవి. మా మేనల్లుని యంత్రములో ప్రాసెసరు అడుగున చదునైన చుక్కలుండి, బోర్డు పీటలో 1200 సన్నని పిన్నులుండును. ప్రతి పిన్నును తనకెదురుగా నున్న చుక్కను తాకవలెను. ఒక్కొక్క చానెలులో సమాచారమునకే 64 తీగలు కలవు. చిరునామాలకు, ఆజ్ఞలకు, గడియారపు తాళమునకు ఉన్న తీగలు వేరు. వీనిలో ఒక్కటి తాకకపోయినను ట్రైనింగు తప్పును. అప్పుడు కొన్ని బోర్డులు ఆ చానెలును విడిచి మిగిలినదానితో నడచును. కొన్ని అసలు వెలుగవు.

పిన్ను వంగకపోయినను ఈ దోషము రావచ్చును. ప్రాసెసరుపై చల్లార్చు ఫ్యాను స్క్రూలను ఒకవైపు ఎక్కువ, మరియొకవైపు తక్కువ బిగించినచో పీటపై ఒత్తిడి సమముగ పడక కొన్ని చుక్కలు సరిగా తాకవు. అందుచేత ముందుగా స్క్రూలను వదులుచేసి, ఎదురెదురు మూలలవి కొంచెము కొంచెముగా సమముగ బిగించి చూచితిమి. ఫలము లేదు. అప్పుడు ఫ్యానును, ప్రాసెసరును తీసి, టార్చిలైటును ఏటవాలుగ వేసి భూతద్దముతో పీటను చూచితిమి. పిన్నుల వరుసలు నాటిన వరిమళ్ళవలె తీరుగా మెరయుచుండగా, ఒక మూల ఒక్క పిన్ను మాత్రము పక్కదానిపై ఒరిగియున్నది.

"పెట్టేటప్పుడు వేలి నుంచి జారి ఏటవాలుగా పడింది మామయ్యా. ఏం కాలేదనుకున్నా," అని కుర్రవాడు ఒప్పుకొనెను.

ఇక్కడ రెండు దారులు కలవు. ఏ1, ఏ2లలోనే స్టిక్కులనుంచి 16 గిగాబైట్లతో సరిపెట్టుకొనుట ఒకటి. అది పనిచేయును. కాని ఒక్క దారియే మిగులును. 2666 వేగముగల డి.డి.ఆర్.4 స్టిక్కు నుండి ఒక చానెలులో సెకనుకు హెచ్చుగా సుమారు 21 గిగాబైట్లు పోవును. రెండు చానెళ్ళున్నచో అంతకు రెట్టింపు. తెర పనికి కూడ ర్యామునే వాడు యంత్రములో ఈ నష్టము బాగుగ తెలియును. రెండవ దారి పిన్నును సరిచేయుట. వెంట్రుకవంటి ఆ పిన్ను విరిగినచో బోర్డంతయు పోవచ్చును. వంగిన పిన్నులకు వారంటీ సామాన్యముగా వర్తింపదు. ఇంటి సూదితో ఆ పని చేయవలదని చెప్పితిని. సెల్‌ఫోనులు బాగుచేయు ఒక పనివాని వద్ద మైక్రోస్కోపు ఉండగా బోర్డును అక్కడికి తీసికొనిపోయితిమి. అతడు సన్నని పట్టకారుతో ఒక్క నిముషములో పిన్నును నిలబెట్టెను. ఇంటికి వచ్చి బిగించి ఏ2, బి2లలో స్టిక్కులను వేయగా సెటప్పులో 16384, విండోస్‌లో 15.8 గిగాబైట్లు కనబడినవి.

కనబడినదంతయు మంచిదేనా?

మెమొరీ పూర్తిగా కనబడుటతో పని ముగియలేదు. కనబడిన మెమొరీ తప్పు చెప్పుట, కనబడకపోవుట కంటె ప్రమాదకరము. కంప్యూటరులో 1 అను అక్షరము 00110001 అను బిట్లుగా నుండును. 9 అను అక్షరము 00111001గా నుండును. రెంటికిని తేడా ఒక్క బిట్టే. చెడిన ర్యాములో ఆ ఒక్క బిట్టు తిరుగబడినచో 1,000 రూపాయల పద్దు 9,000 అగును. ఏ హెచ్చరికయు రాదు. ఆ తప్పే డిస్కులోనికి ఎక్కి, అక్కడ శాశ్వతముగ నిలుచును. ఫోటోలు చెడుట, ఫైళ్ళు తెరచుకొనకపోవుట, యంత్రము ఊరక ఆగిపోవుట కూడ దీని వలన కలుగవచ్చును.

కావున మెమొరీని మార్చిన లేక సరిచేసిన పిమ్మట ఒక రాత్రి పరీక్షలో ఉంచవలెను. మెమ్‌టెస్ట్86 ప్లస్ అను ఉచిత ప్రోగ్రామును పెన్ డ్రైవులో ఎక్కించుకొని, విండోస్ రాకముందే దానితో యంత్రమును వెలిగింపవచ్చును. అది మెమొరీ అంతట పలురకముల అంకెల నమూనాలను వ్రాసి, తిరిగి చదివి, పోల్చి చూచును. విండోస్‌లోనే మెమొరీ డయాగ్నోస్టిక్ అను పరీక్షయు కలదు. ఈ పరీక్షలో నూటికి తొంబది తొమ్మిది మార్కులు చాలవు. ఒక్క తప్పు వచ్చినను స్టిక్కులను ఒక్కొక్కటిగా పరీక్షించి, చెడినదానిని తీసివేయవలసినదే. మా మేనల్లుని యంత్రము రాత్రి యంతయు నడచి ఒక్క తప్పును చూపలేదు.

మరునాడు కుర్రవాడు సికింద్రాబాదు వెళ్ళెను. బిల్లు తీసికొని పోవలేదు. ఆ ఆరు వరుసలు వ్రాసిన కాగితమును తీసికొనిపోయెను. కొట్టుయజమాని దానిని రెండు మారులు చదివి, "ఇలా రాసుకుని వచ్చేవాళ్ళు ఉంటే మాకు గొడవలే ఉండవు బాబూ," అనెనట. ఆ కాగితము ఇప్పుడు ఆ కంప్యూటరు పెట్టె లోపలి రేకుకు అంటించియున్నది. మరియొక నాడు అంకె తగ్గినచో వెదకుట ఎక్కడ నుండి మొదలుపెట్టవలెనో అది చెప్పును.